పొలిమేర తల్లియు పొయ్యికడ తల్లియు: గుండ్లపోచంపల్లి పేరు మొదలుగా కొన్ని పరిశీలనలు

సికిందరాబాదు నుండి మేడ్చల్ మీదుగా నిజామాబాదు పోవు రైలుమార్గముపై గుండ్లపోచంపల్లి అను స్టేషను కలదు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లానుండి 2016లో విడివడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది ఈ యూరు. ఒకప్పుడు నగరమునకు దూరపు పల్లె. నేడు నగరము దాని గుమ్మము దాటి ముందుకు సాగినది. ఊరిపేరును విడదీసి చూచినచో గుండ్లు, పోచమ్మ, పల్లి అను మూడు పదములు తేలును. గుండ్లనగా ఈ ప్రాంతమున ఎటు చూచినను కానవచ్చు గుండ్రని నల్లరాతి బండలు. భూదానోద్యమమునకు పుట్టినిల్లై 1951లో ప్రసిద్ధికెక్కిన పోచంపల్లి వంటి ఇతర పోచంపల్లులనుండి దీనిని వేరుచేయుటకు ఈ విశేషణము ఉపకరించుచున్నది. 'పోచమ్మ' శబ్దమునకు ఓష్ఠ్యమగు పకారము పరమైనపుడు ద్విరుక్తమకారము పూర్ణబిందువుగా మాఱి 'పోచం' అయినది. మేడ్చల్ చెంతనే యున్న ఎల్లంపేటలో ఎల్లమ్మకు జరిగినదియు ఇదియే. మఱి ఆ చెంతనే యున్న మైసమ్మగూడలోను, దుండిగల్ దారిలోని గండిమైసమ్మలోను అమ్మ చెక్కుచెదరక నిలిచినది. ఏ రూపమున నిలిచినను, ఈ చుట్టుపట్ల పదిమైళ్లలో ఊరిపేర్లను చదువుకొనుచు పోయినచో అమ్మవారల పట్టిక ఒకటి సిద్ధమగుననుట అతిశయోక్తి గాదు.

ఈ పేర్లు ఊరకే పుట్టినవి కావు. మైసమ్మ చెఱువు కట్టను కాచు తల్లి. కట్ట తెగు చోటు గండి గనుక అచ్చటి తల్లి గండిమైసమ్మ. పోచమ్మ వ్యాధులనుండి, ముఖ్యముగా మశూచినుండి, ఊరిని కాచు తల్లి. ఆమె గుడి తఱచుగా వేపచెట్టు నీడను, ఊరి అంచున, మనిషి వంగి దూరవలసినంత చిన్నదిగా ఉండును. లోపల విగ్రహముకంటె పసుపు కుంకుమలు పూసిన రాయియే యెక్కువ. పలుచోట్ల పూజారి కుమ్మరి, లేదా చాకలి, లేదా బైండ్లవాడు. ఊరికి నడుమ బొడ్రాయి, ఊరికి చివర అమ్మవారు: తెలంగాణపు పల్లె ఈ రెండు రాళ్ల నడుమ కట్టబడినది. పొలిమేర దాటి లోనికి రాదలచిన దుష్టశక్తి యేదైనను ముందుగా ఈ తల్లి కంట పడవలెను.

మేము ఈ వ్యాసమున పరిశీలింపదలచినది ఈ తల్లిని మాత్రమే గాదు. ఈ తల్లి పొలిమేరకడ బహిరంగముగా చేయు పనిని, ఇంటిలోపల గుట్టుగా చేయు మఱియొక తల్లి కలదు. ఆమెకు గుడి లేదు, జాతర లేదు, పేరును లేదు. ఆమె ఇంటి యిల్లాలు. పగలంతయు వంటయు, పిల్లల చదువులును, నీళ్ల తిప్పలును చూచుకొని, దీపాలవేళ గుప్పెడు ఉప్పు పట్టుకొని బిడ్డ యెదుట నిలుచునామె. ఇటీవలి ఆంగ్ల కాల్పనిక సాహిత్యమున, నగరశివారున సాధారణ గృహిణివలె కనబడుచు, ఇంటివారికి తెలియకుండ భూతపిశాచములతో పోరాడు తల్లి పాత్ర ఒకటి వెలసినది. జూలీ కెన్నర్ 2005లో వెలువరించిన నవల 'కార్పె డీమన్' అట్టిది. అచ్చట అది వినోదము కొఱకు కల్పించిన పాత్ర. మన శివారులలో ఆమె కల్పన గాదు, ఇంటికొకతె.

మన గ్రామదేవతలను గూర్చి వ్రాసినవారందఱును పొలిమేర తల్లిని చూచిరేగాని పొయ్యికడ తల్లిని అంతగా చూడలేదు. ఎల్మోరు 1915లోను, బిషప్ వైట్‌హెడ్ 1916లోను ప్రకటించిన గ్రంథములు రెండును జాతరలను, బలులను, పోతరాజును, అమ్మవార్ల అక్కచెల్లెండ్ర బంధుత్వములను విపులముగా వర్ణించినవి. మన సాహిత్యమునను అంతే. క్రీడాభిరామకర్త ఓరుగల్లు వీథులలో ఏకవీరాదేవి యెదుట బవనీలు పరశురామ కథ పాడుటను చూపెను. ఆ వీథిలోని యింటిలోపల తల్లి బిడ్డకు దిష్టి తీయుట ఆయనకు కావ్యవస్తువు కాలేదు. కారణము స్పష్టమే. డప్పు మ్రోగు చోటికి చూపరి పోవును. మౌనముగా జరుగు పని యొద్దకు అతనిని ఎవరు పిలుతురు?

ముందుగా పోచమ్మను గూర్చి మఱి రెండు మాటలు. మశూచి వచ్చినదని తెలుగువారు అనరు. 'అమ్మవారు పోసినది', 'తల్లి పోసినది' అందురు. వ్యాధియు తల్లియే, వ్యాధిని దింపునదియు తల్లియే. ఆ తల్లి ఇంటిలో నున్నన్నినాళ్లు ఇల్లాలి నడవడి మాఱిపోవును. పోపు వేయదు, మాంసము వండదు, గట్టిగా మాటలాడదు. గుమ్మమునకు వేపరెమ్మ కట్టును, అది చూచి పరులు లోపలికి రారు. పక్కపై వేపాకు పరచును. పొక్కులు మాడిన పిమ్మట వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోయును. రోగిని వేఱుగా నుంచుట అను వైద్యధర్మము ఇందు అంతర్లీనముగా నున్నదని పలువురు చెప్పియున్నారు. అది నిజమే. అయినను ఆ ఇల్లాలు చేసినది వైద్యమని గాక అతిథిమర్యాద యని తలచెననుట మఱువరాదు. జెన్నరు 1796లో గోమశూచి రసముతో టీకా ప్రయోగము చేసెను. భారతదేశమున మశూచి చివరిసారి కనబడినది 1975లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమిపై ఆ వ్యాధి లేదని ప్రకటించినది 1980లో. వ్యాధి పోయినది, పోచమ్మ పోలేదు. ఆటలమ్మ, తట్టు మున్నగు చిన్న చిన్న రాకపోకలు ఆమెకు మిగిలినవి. అంతకు మించి ఆషాఢమున బోనము మిగిలినది.

బోనము భోజన శబ్దభవము. కొత్తకుండలో అన్నము వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, పైన దీపము నిలిపి, ఇల్లాలు తలపై నెత్తుకొని పోయి అమ్మవారికి సమర్పించును. సికిందరాబాదు ఉజ్జయిని మహాకాళి ఆలయమును గూర్చి, 1813 ప్రాంతమున కలరా ప్రబలినపుడు సైన్యమున డోలీ మోయు సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని నెలకొల్పెనని ఐతిహ్యము. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్రపు పండుగగా గుర్తింపబడినవి. ఇది బహిరంగ భాగము. ఇచ్చట ఇల్లాలు అందఱికి కనబడును. తలపైని కుండయే ఆమె గుర్తు. తక్కిన యేడాదియంతయు ఆమె చేయుపని ఎవరికిని కనబడదు.

ఇక దిష్టి. దృష్టి శబ్దమునకు వికృతి దిష్టి. కాని తెలుగున ఈ రెండును అర్థమున విడిపోయినవి. దృష్టి చూచుట, దిష్టి చూచుటవలన తగులునది. దిష్టిచుక్క, దిష్టిబొమ్మ, దిష్టితాడు అను సమాసములు ప్రకృతిరూపముతో ఏర్పడలేదు. ఒకే శబ్దము పండితునియింట ఒక రూపమునను, వంటయింట మఱియొక రూపమునను జీవించి, రెండు వేఱు పనులకు నియోగింపబడుట తద్భవ చరిత్రలో అపూర్వము గాకున్నను గమనింపదగినది. 'నరుని దృష్టికి నల్లరాయి పగులును' అను సామెతలో మాత్రము దృష్టి కూడ దిష్టి పనియే చేయుచున్నది. నల్లరాళ్ల నడుమ వెలసిన ఊరివారికి ఈ సామెత బలము వేఱుగా చెప్పనక్కఱలేదు.

దిష్టి తగిలినదని ఇల్లాలు ఎట్లు గుర్తించును? బిడ్డ పాలు త్రాగడు, కారణము లేక యేడ్చును, అన్నమునకు ముఖము త్రిప్పుకొనును, పెండ్లికో పేరంటమునకో పోయివచ్చిన రాత్రి ఒళ్లు వెచ్చబడును. ఇంటిలో ఎవరితోను ఆమె చర్చింపదు. దీపాలవేళ దాటిన పిదప కుడిచేత గుప్పెడు దొడ్డుప్పు, ఎండుమిరపకాయలు తీసికొనును. కొందఱు చీపురుపుల్లలను, రాలిన తలవెండ్రుకలను, మూడు బాటలు కూడుచోటి మట్టిని చేర్చుదురు. బిడ్డను తూర్పుముఖముగా కూర్చుండబెట్టి, తల చుట్టు ఒక ప్రక్కకు మూడుమార్లు, ఎదురుగా మూడుమార్లు త్రిప్పి, తల మొదలు పాదములవఱకు దించి, బిడ్డచేత ఆ గుప్పిటపై 'తూ' అని ముమ్మాఱు ఉమియించి, వెనుదిరిగి చూడక పోయి పొయ్యిలో వేయును. ఉప్పు చిటచిటలాడును. మిరపకాయ ఘాటు వచ్చినదా, దిష్టి లేదన్నమాట. ఘాటు రాలేదా, గట్టి దిష్టియే తగిలినదన్నమాట. పిదప కాళ్లు చేతులు కడిగికొని లోపలికి వచ్చును. వచ్చిన తరువాత దానిని గూర్చి మాటలాడదు. కుటుంబమును బట్టి, కులమును బట్టి వస్తువులు మాఱును, లెక్క మాఱును. మౌనము మాత్రము ఎచ్చటను మాఱదు.

ఈ పరీక్షలోని ఒక చమత్కారమును గమనింపవలెను. మిరపకాయ కాలినచో ఘాటు వచ్చుట సహజము. రాకపోవుట అరుదు. అనగా తొంబదిపాళ్లు పరీక్షాఫలము 'బిడ్డకేమియు లేదు' అనియే వచ్చును. ఆందోళనలో నున్న తల్లికి, దగ్గు పుట్టించు పొగ ఒక అభయముగా మాఱుచున్నది. ఎప్పుడో ఒకనాడు ఘాటు తగ్గినచో, ఉన్న చెడుగంతయు ఆ గుప్పిటలోనికి వచ్చి కాలిపోయినదని ఆమె ఊరడిల్లును. రెండు విధములను ఆ రాత్రి ఆమె నిద్రపోగలదు. ఉప్పు చిటచిటకు రవ్వలలో చిక్కిన తడి ఆవిరియగుటయే కారణమని భౌతికశాస్త్రము చెప్పును; అది ఇల్లాలి ప్రశ్నకు జవాబు గాదు.

మిరపకాయ విషయమున కాలనిర్ణయమునకు ఒక ఆధారము దొరకుచున్నది. మిరప అమెరికా ఖండపు మొక్క. కొలంబసు 1492లో ఆ ఖండమునకు పోయిన తరువాత, పోర్చుగీసువారి ఓడలపై మన తీరమునకు వచ్చినది. మన పూర్వులు కారమునకు వాడినది మిరియము. కొత్తగా వచ్చిన కాయకు ఆ మిరియపు పేరునే సాగదీసి మిరపయనిరి. కనుక నేటి దిష్టిలోని ముఖ్యద్రవ్యము అయిదు వందల యేండ్లకంటె పాతది కాజాలదు. అంతమాత్రమున ఈ కర్మ కొత్తదని తేల్చరాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పందొమ్మిదవ అధ్యాయము వ్రణరోగికి పదిరాత్రులు, దినమునకు రెండుమార్లు రక్షోఘ్న ధూపము వేయుమని విధించినది. ఆ ధూపమునకు చెప్పిన ద్రవ్యములు ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు. ఇందు ఉప్పు మన యింటి దిష్టిలో నిలిచినది; వేపాకు పోచమ్మ పాలికి పోయినది; కొందఱి యిండ్లలో ఆవాలు నేటికిని ఉప్పుతో కూడియున్నవి; మఱికొందఱి యిండ్లలో ఆవాల చోటును మిరప ఆక్రమించినది. నిప్పులో చిటపటలాడుట ఆవాలకు గుణము. పొగతో కన్నీరు పెట్టించుట మిరపకు గుణము. చప్పుడుకంటె ఘాటు మేలని మన స్త్రీలు నిర్ణయించుకొనిరి కాబోలు. శాస్త్రగ్రంథములు చెప్పినదానిని ఇల్లాండ్రు నేర్చిరా, ఇల్లాండ్రు చేయుదానిని వైద్యులు గ్రంథమున కెక్కించిరా అనునది వేఱు చర్చ. మా మొగ్గు రెండవదాని వైపు.

అదే సుశ్రుతము ఉత్తరతంత్రమున స్కందుడు, స్కందాపస్మారము, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషుడు అను తొమ్మిది బాలగ్రహములను పేర్కొనుచున్నది. వీనిలో స్త్రీనామములే ఎక్కువ. పూతన యనగానే పాఠకులకు భాగవతము స్ఫురించును. దశమస్కంధమున ఆఱవ అధ్యాయమున పూతన కూలిన పిదప యశోదారోహిణులును గోపికలును కృష్ణునికి చేసిన రక్షాకర్మ సంపూర్ణముగా వర్ణితమైనది. ఆవుతోకను బిడ్డచుట్టు త్రిప్పిరి, గోమూత్రమున స్నానము చేయించిరి, గోధూళి పూసిరి, గోమయముతో పండ్రెండు అవయవములందు కేశవాది నామములు నిలిపిరి. అప్పటికి ఆ బిడ్డడే రక్కసిని చంపియున్నాడు! తాను కాపాడుచున్నది ఎవరినో తెలియక తల్లి కాపాడుచున్నది; ఏ దేవుని పేర రక్ష కట్టుచున్నదో ఆ దేవునికే కట్టుచున్నది. భక్తులు దీనిని లీలయందురు. మేము గ్రహింపదలచినది మఱియొకటి. కావ్యకర్త ఈ కర్మకు ఒక నవ్వు జోడించియు, దానిని తప్పనలేదు. దేవుని కన్నతల్లియైనను, పెంచినతల్లియైనను, బిడ్డ గండము గడచినపుడు చేయవలసిన పని చేయును.

పూతన తల్లి వేషమున, చనుబాలతో వచ్చినది. ఇది కాకతాళీయము గాదు. నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడిన ఇక్ష్వాకుల కాలపు నిర్మాణములలో హారీతి ఆలయ మొకటి కలదు. బౌద్ధకథలో హారీతి ఇతరుల బిడ్డలను తినెడి యక్షిణి. బుద్ధుడు ఆమె బిడ్డలలో ఒకనిని భిక్షాపాత్రక్రింద దాచగా, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి బాధ తెలిసికొని, బిడ్డలను కాచు దేవతగా మాఱినది. పోచమ్మ పొక్కు పోయును, పొక్కు దింపును. పూతన, హారీతి, పోచమ్మ: ముగ్గురియందును కాచునామెయు కాటువేయునామెయు ఒక్కరే, లేదా ఒక్కరివలె కనబడుదురు. ఈ భావము ఇంటి దిష్టిలో ఎంతవఱకు దిగినదో చూడుడు.

దిష్టి తీయునపుడు ఇల్లాలు నోటిలో గొణుగు మాటలు కలవు. వీనిని మంత్రమనుటకంటె పట్టిక యనుట యుక్తము. ఇరుగువారి దిష్టి, పొరుగువారి దిష్టి, దారిని పోవువారి దిష్టి, ఇంటిలోనివారి దిష్టి ఈ విధముగా వరుసగా తలచి, అన్నియు పోవలెనని కోరుట దాని సారము. ప్రతి యింట పాఠము కొంచెము మాఱును. కాని పెక్కు పాఠములలో చివరకో నడుమనో తల్లి తన పేరును గూడ చేర్చుకొనును. నా దిష్టియు పోవలెనని ఆమె కోరును. కడుపున పుట్టిన బిడ్డను మురిసి చూచిన తన చూపే బిడ్డకు కీడు చేసియుండవచ్చునని ఆమె ఒప్పుకొనును. జానపద గేయములను సంపుటీకరించిన మన పరిశోధకులు, 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసము సమర్పించిన బిరుదురాజు రామరాజుగారు మొదలుగా, లాలిపాటలను, స్త్రీల పాటలను శ్రద్ధతో పరిశీలించిరి. పాటయు గాని, మాటయు గాని ఈ గొణుగుడు ఇంకను అట్టి శ్రద్ధకు నోచుకొనవలసియున్నది.

ఈ పట్టిక యొక్క నిర్మాణమునందే దాని ధర్మమున్నదని మా యభిప్రాయము. అందఱిని తలచుట వలన ఎవరిని తప్పుపట్టినట్లు గాదు. ఇరుగమ్మ పేరొక్కటే పలికినచో అది నింద. ఇరుగు, పొరుగు, త్రోవరి, అత్త, ఆడబిడ్డ, తుదకు తాను అని పలికినచో నింద పలుచనై గాలిలో కలిసిపోవును. కీడు ఒకటి కలదని ఒప్పుకొనుచునే, కీడుచేసినవాడొకడు కలడని వెదకకుండుటకు ఇది మార్గము. పైగా ఈ పని మౌనముగా, ఎవరికిని చెప్పక జరుగును. రహస్యము బిడ్డను మాత్రమే గాక పొరుగింటామెను గూడ కాచుచున్నది. తనపై అనుమానము వచ్చినదని ఆమెకు ఎన్నడును తెలియదు. మఱునాడు ఉదయము పులుసునకు చింతపండు అప్పడుగుటకు నిస్సంకోచముగా వచ్చును.

దీని విలువ తెలియవలెనన్నచో బాణామతితో పోల్చిచూడవలెను. తెలంగాణమున, ప్రత్యేకముగా మెదకు ప్రాంతమున, బాణామతి, చేతబడి అను పేర్లతో పొరుగువారిపై నిందమోపి, కొట్టి, పండ్లు ఊడబెఱికి, చంపిన ఘటనలు పలుమార్లు పత్రికల కెక్కినవి. అచ్చటను నమ్మకము మూలమున ఒక్కటే: కనబడని కీడు, మనిషివలన వచ్చినది. కాని అచ్చట ఆ మనిషికి పేరు పెట్టుదురు, పదుగురిలో పెట్టుదురు, పేరు పెట్టువాడు తఱచుగా డబ్బు తీసికొను మంత్రగాడు. నిందకు గుఱియగువారిలో దిక్కులేని ముదుసళ్లు, వితంతువులు, బీదలు ఉందురు. దిష్టితీయు తల్లికిని బాణామతి మూకకును మధ్యనున్న దూరము నమ్మకమునకును అపనమ్మకమునకును నడుమ దూరము గాదు. పేరు పలుకకుండుటకును పలుకుటకును నడుమ దూరము. హేతువాదులు రెంటిని ఒకే గాట కట్టుదురు. విద్యార్థులకు బోధించునపుడు ఈ భేదమును చూపకపోవుట సమంజసము గాదని మేము తలచెదము.

దిష్టికి మచ్చ లేదని మేము అనుట లేదు. సీమంతమునకు బిడ్డలు లేనివారిని పిలువకుండుట, శుభకార్యమున వితంతువు ఎదురుపడకుండ చూచుట ఈ కన్నుభయము యొక్క బహిరంగ రూపములే. అవి గుండెకు గ్రుచ్చుకొనునవి. పొలిమేర తల్లి పూజలోను అట్టి కాఠిన్య మున్నది. వెనుకటి కాలమున కలరా, మశూచి తగిలిన ఊరు అమ్మవారిని బండిపై నిలిపి, డప్పులతో సాగనంపి పొరుగూరి పొలిమేరలో దింపి వచ్చెడిది. పొరుగూరు మేల్కొని మఱియొక పొలిమేరకు తరలించెడిది. ఒక ఊరి రక్ష మఱియొక ఊరి కీడు. ఇంటి తల్లి తీసిన ఉప్పును పొయ్యిలో కాల్చును గాని పొరుగింటి వాకిట పోయదు. పోసినచో అది కయ్యమునకు కారణమగునని ఆమెకు తెలియును. మూడు బాటలు కూడుచోట వదలుట మాత్రము వాడుకలో నున్నది. అందుచేతనే పిల్లలు ఆ చోట నిమ్మకాయలను, మిరపకాయలను దాటరాదని పెద్దలు హెచ్చరింతురు.

కీడును కాల్చుట ఒక యుపాయము, మోసగించుట ఇంకొకటి. పుట్టిన బిడ్డలు పురిటిలోనే పోవుచుండినపుడు, తరువాతి బిడ్డను పెంటకుప్పపై పొర్లించి పెంటయ్య, పెంటమ్మ యనిరి; చాటెడు తవుడునకు పొరుగామెకు అమ్మి, తిరిగి కొని తవుడు, తవిటయ్య యనిరి; ఇంటింట బిచ్చమెత్తి భిక్షపతి, బిచ్చమ్మ యనిరి. విలువలేని వస్తువని భ్రమింపజేసి మృత్యువు కన్నును ప్రక్కకు త్రిప్పుట ఇందలి యుక్తి. తెలంగాణమున పోచయ్య, మైసయ్య, ఎల్లయ్య అను పురుషనామములు ఇంకొక తెఱగు: బిడ్డను తల్లిదేవతకే రాసియిచ్చిన దస్తావేజువంటివి. స్త్రీదేవత పేరు మగబిడ్డకు పెట్టునపుడు అమ్మ పోయి అయ్య చేరినది. దేవత మాత్రము మాఱలేదు. పాఠశాల రిజిస్టరులలో ఈ పేర్లు ఏటేట తగ్గుచున్నవి. ఆసుపత్రి పురుళ్లు పెరిగి, శిశుమరణములు తగ్గిన కాలమున ఈ పేర్ల అవసరము తగ్గుట సంతోషింపవలసిన విషయమే.

తల్లి చేయు ఈ రహస్యపు పని మనకే ప్రత్యేకమని తలపరాదు. దక్షిణ ఇటలీ పల్లెలలో తల్లులు పళ్లెమున నీరు పోసి, నూనెచుక్కలు వేసి, చుక్క విచ్చుకొను తీరునుబట్టి కన్నుదోషమును నిర్ణయింతురు. ఆ మాటలను క్రిస్మసు ముందునాటి రాత్రి మాత్రమే కూఁతునకో కోడలికో నేర్పవలెనని అచ్చటి కట్టడి. అలన్ డండెసు 1981లో సంపాదించిన సంపుటమున ఇట్టి యాచారములు పలుదేశములనుండి చేర్పబడినవి. ఒక భేదము గమనార్హము. ఇటలీలో మాట రహస్యము, పని బహిరంగము. మనకడ మాట అందఱికి తెలిసినదే, పని జరిగినదనుటయే రహస్యము. నేర్పుటకు నియత దినము లేదు. చిన్ననాడు తన తల చుట్టు తిరిగిన గుప్పిటను చూచియే కూఁతురు నేర్చుకొనును.

గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతి పార్కు వెలసినది. మైసమ్మగూడలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. దేశపు నలుమూలలనుండి వచ్చినవారు అంతస్తుల యిండ్లలో కాపురముండిరి. కట్టెపొయ్యి లేదు. అయినను ఇల్లాలు సర్దుకొన్నది. ఉప్పును గిన్నెడు నీళ్లలో కరిగించి తొట్టిలో పారబోయుట, మిరపకాయలను పాత మూకుటిలో గ్యాసుపై కాల్చుట, ఘాటు పొరుగు ఫ్లాటునకు పోకుండ కిటికీ తెఱచుట కొత్త పద్ధతులు. ఘాటు పోయినచో రహస్యము బయటపడును. బయటపడినచో పట్టికలోని పొరుగామె తానే యని ఆమె తలపవచ్చును. కనుక నగర శివారున ఈ కర్మ మఱింత గుట్టైనది. వాహనములకు వ్రేలాడు నిమ్మకాయ మిరపకాయలు, ఇండ్లముందరి బూడిదగుమ్మడి వ్యాపారవస్తువులై పోయినవి. వానిని మగవారు కొని కట్టుదురు, అందఱును చూతురు. ఉప్పుగుప్పిట మాత్రము ఇల్లాలి చేతిని విడువలేదు.

ఒక ప్రశ్న మిగిలియున్నది. తల్లికి దిష్టి తీయువారెవరు? పెండ్లికూతురుగా నున్నపుడు ముత్తైదువలు ఎఱ్ఱనీళ్లు దిగదుడుతురు. బాలింతగా నున్నపుడు ఆమె తల్లి ఉప్పు త్రిప్పును. తరువాత బిడ్డలు పెరిగినకొలది ఆమె తీయునదేగాని తీయించుకొనునది గాదు. పుట్టింటికి పోయిననాడు ముసలితల్లి యుండినచో, మనుమలకు తీసిన గుప్పిటనే ఒకమాఱు కూఁతురి తలపైకిని తెచ్చి త్రిప్పును. 'నాకెందుకమ్మా' అని కూఁతురు అనుట పరిపాటి. ముసలామె బదులు చెప్పదు. ఆ సమయమున మాటలాడరాదు గదా.